అయిజలో వేరుశనగ గింజ

ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఆ రెండింటి నడుమ ఉన్న నేలకు నడిగడ్డ అని పేరు. పేరు వినగానే కోనసీమను చూసిన వాళ్ళకు కాలువలూ, కొబ్బరితోటలూ కళ్ళముందు కదులుతాయి. నడిగడ్డ అట్లాంటిది కాదు. రెండు పెద్ద నదులు పక్కనే పోతున్నా నీటికోసం మొగం వాచిన నేల ఇది. ఎర్రచెలకలు, నల్లరేగళ్ళు, వాటి మధ్య రాతిగుట్టలు. వాన పడితే పండుతుంది. పడకపోతే రైతు ఆకాశంకేసి చూస్తాడు.

హైదరాబాదు నుంచి కర్నూలు రోడ్డున వస్తే బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర కృష్ణ దాటుతాం. అక్కణ్ణించి ఎర్రవల్లి చౌరస్తా, పడమటికి తిరిగితే గద్వాల, గద్వాల నుంచి దక్షిణంగా పోతే అయిజ. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడేదాకా ఇదంతా మహబూబునగరం జిల్లాలోదే. గద్వాల బస్టాండులో ఎక్కిన నా పక్కసీటు ముసలమ్మ కండక్టరుతో తెలుగులో టిక్కెట్టు బేరమాడి, వెనకసీటులోని చెల్లెలితో కన్నడంలో కబుర్లు చెప్పింది. రాయచూరు అంత దగ్గర మరి.

నడిగడ్డ చూడవచ్చిన వాళ్ళు సాధారణంగా అలంపురం వెళ్ళి జోగులాంబను దర్శించుకుంటారు. చాళుక్యులనాటి నవబ్రహ్మ ఆలయాలు చూస్తారు. గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోట చూసి, ఇంట్లో ఆడవాళ్ళుంటే నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసిన చీర ఒకటి కొనుక్కొని మరలిపోతారు. అయిజ దాకా వచ్చేవాళ్ళు తక్కువ. పనిమీద రావాలి, లేదా చుట్టాలుండాలి. నాకు చుట్టాలున్నారు. మా చిన్నాన్న కొడుకు అక్కడ వ్యవసాయం చేస్తాడు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయిన తరువాత, ఇన్నాళ్ళకు నాలుగు రోజులు వాళ్ళింట్లో ఉండే తీరిక దొరికింది.

అయిజ పెద్ద ఊరే. మునిసిపాలిటీ అయింది. తిక్క వీరేశ్వరస్వామి గుడి ఉంది. బజారు నిండా విత్తనాల కొట్లు, ఎరువుల కొట్లు, మోటారు మరమ్మతు షాపులు. ఏ కొట్టు ముందు నిలబడ్డా మాట పత్తిమీదికో, మిరపమీదికో, రాజోలిబండ కాలువమీదికో పోతుంది. తుంగభద్రమీద రాజోలిబండ దగ్గర ఆనకట్ట కట్టి, తెలంగాణ వైపు 87,500 ఎకరాలకు నీళ్ళివ్వాలని లెక్క వేశారు. లెక్క కాగితంమీద బాగానే ఉంది. కాలువ చివరి భూములవాళ్ళను అడిగితే తక్కిన సంగతి చెబుతారు.

ఊడలు దిగిన చేను

నేను వెళ్ళింది మాఘమాసంలో. యాసంగి వేరుశనగ పీకే రోజులు. చెట్టు పట్టుకొని లాగితే మన్నుతో సహా గుత్తులు గుత్తులుగా కాయలు పైకి వస్తున్నాయి. వేపచెట్టు కింద కూలివాళ్ళు వరసగా కూర్చొని కాయలు దూస్తూ పాట పాడుతున్నారు.

హైదరాబాదులో మేము పల్లీలంటాం. కోస్తావాళ్ళు వేరుశనగ అంటారు. ఏటి అవతల కర్నూలులో బుడ్డలంటారు. అయిజలో మూడు మాటలూ వినబడతాయి. ఏ పేరుతో పిలిచినా విచిత్రమైన మొక్క అది. పువ్వు మట్టిపైన పూస్తుంది. పూసి రాలిన తరువాత అక్కణ్ణించి ఒక ఊడ కిందికి దిగి నేలలో దూరుతుంది. కాయ చీకట్లో కాస్తుంది. దక్షిణ అమెరికానుంచి వచ్చి మన పొలంలో మన పంటే అయిపోయింది.

చేను గట్టుమీద కూర్చొని పచ్చికాయలు ఒలుచుకు తింటూంటే మా తమ్ముడి కూతురు పక్కన చేరింది. గద్వాలలో బి.యస్సీ. ఆఖరు సంవత్సరం, లెక్కలు, భౌతికం, రసాయనం.

"అత్తా, ఈ గింజలోని ఒక ప్రోటీను బొమ్మ గీసిండ్రంట గద? బెంగుళూరుల. పుస్తకంల చదివిన," అన్నది.

"గీశారు. దాని కథ పెద్దదే. నీకెందుకు వచ్చింది ఆ సందేహం?"

పిల్ల వెనక్కు తిరిగి, నాన్న వినడంలేదని చూసుకొని, అసలు సంగతి చెప్పింది. తనకు ఆ విద్యే చదవాలని ఉంది. ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష దరఖాస్తుకు ఇంకా ఐదు రోజులే గడువు. ఇంట్లో మాత్రం బి.యెడ్. చేయించి, రాయచూరునుంచి వచ్చిన సంబంధం ఖాయం చేద్దామనుకొంటున్నారు. అబ్బాయి మంచివాడే. ఎవరిమీదా తప్పులేదు. గడువే తక్కువ.

వోణీలోనుంచి దీపం

ఆ రాత్రి భోజనాలయ్యాక అందరం డాబామీద చేరాం. మా తమ్ముడు సూటిగా అడిగాడు. "అక్కా, నువ్వు చదువుకున్నదానివి. అసలు ఏం చదువు ఇది? బొమ్మలు గీసుడేంది?"

పిల్ల సన్నటి పట్టు వోణీ తెమ్మన్నాను. దూరంగా రోడ్డు చివర ఒక దీపం వెలుగుతోంది. వోణీని ఒక్క పొరగా కంటికి అడ్డం పెట్టుకొని ఆ దీపాన్ని చూడమన్నాను. ఒక దీపం చుట్టూ చుక్కల ముగ్గులాగా అటు రెండు, ఇటు రెండు, పైనా కిందా చిన్న దీపాలు కనబడ్డాయి. వోణీని తిప్పితే చుక్కలూ తిరిగాయి. మీరూ ఈ రాత్రి చేసి చూడవచ్చు. పైసా ఖర్చులేని పని. నేత ఎంత సన్నగా ఉంటే చుక్కలు అంత ఎడంగా పడతాయి. అంటే పోగులను కంటితో చూడకుండానే, చుక్కల ఎడాన్నిబట్టి పోగుకూ పోగుకూ ఎంత దూరమో చెప్పవచ్చు.

స్ఫటికం కూడా ఒక నేతే. పటికబెల్లం పలుకులో చక్కెర అణువులు మగ్గంమీది బుటాల్లాగా ఒకే వరసలో, ఒకే ఎడంలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. అయితే ఆ ఎడం మామూలు వెలుగుకు అందనంత చిన్నది. అందుకు ఎక్స్ కిరణాలు కావాలి. 1912లో జర్మనీలో లావే స్ఫటికంగుండా ఎక్స్ కిరణాలు పంపి చుక్కలు పడతాయని చూపించాడు. ఆ చుక్కలనుంచి పరమాణువులు ఎక్కడెక్కడ కూర్చున్నాయో లెక్కకట్టే దారిని మరుసటేడు ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు చూపారు.

ఉప్పుకు ఆ లెక్క సులువు. ప్రోటీనులో వేల పరమాణువులుంటాయి. ముందు దానిని గింజలోనుంచి శుద్ధిగా తియ్యాలి. తరువాత ఒక చిన్న బొట్టును గాజుబిళ్ళ అడుగున తలకిందులుగా వేలాడదీసి, కింద ఉప్పునీళ్ళు పెట్టి, గాలి చొరకుండా మూసి, కదపకుండా ఉంచాలి. బొట్టులోని నీరు మెల్లమెల్లగా తగ్గితే, అదృష్టముంటే, ఇసుకరేణువంత స్ఫటికం తేలుతుంది. ఒక రోజులో రావచ్చు, ఆర్నెల్లకు రావచ్చు, అసలు రాకపోవచ్చు.

వచ్చినా ఇంకో చిక్కు. చుక్కలు ఎంత కాంతిగా ఉన్నాయో మాత్రమే కొలవగలం. ఆ తరంగాలు ఏ అడుగుతో బయలుదేరాయో చుక్క చెప్పదు. అది లేకుండా బొమ్మ రాదు. దానికొక ఉపాయం ఉంది. నేతలో అక్కడక్కడ ఒక జరీపోగు వేసి, వేయక ముందు ముగ్గుతో వేసిన తరువాతి ముగ్గును పోల్చి చూస్తారు. అంటే పాదరసంవంటి బరువైన పరమాణువును ప్రోటీనుకు తగిలించి మళ్ళీ కిరణాలు పంపుతారు. ఆ తేడాలోనుంచి పోయిన లెక్క దొరుకుతుంది.

మా తమ్ముడు వోణీ కంటిమీదనుంచి తీయలేదు. "సరే, బుడ్డల సంగతి చెప్పు," అన్నాడు.

పన్నెండేళ్ళ పంట

వేరుశనగ గింజలో లెక్టిన్ అనే ప్రోటీను ఒకటుంది. అది కణాలమీద అంటుకొని ఉండే కొన్ని చక్కెరలను గుర్తుపట్టి పట్టుకొంటుంది. ముఖ్యంగా, మామూలు కణాలమీద మరుగుపడి, చాలా రకాల కాన్సరు కణాలమీద బయటపడే ఒక చక్కెరను. అందుకే ప్రపంచమంతా దానిమీద ఆసక్తి.

బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో విజయన్‌గారి బృందమూ, సురోలియాగారూ కలిసి ఆ ప్రోటీనుకు స్ఫటికాలు పెంచి, 1982లో మొదటి వార్త ప్రకటించారు. పూర్తి నిర్మాణం అచ్చయింది 1994లో. నాలుగు ఒకే రకం ముక్కలు కలిసిన అణువు అది. ఒకేలాంటి నాలుగు ముక్కలు కలిసినప్పుడు చౌకంగా, ఒద్దికగా కూర్చుంటాయని అందరూ అనుకొనేవారు. ఇవి అట్లా కూర్చోలేదు. ఆ వింత అమరిక చూసి ప్రపంచంలోని వైజ్ఞానికులు ఆశ్చర్యపోయారు.

"82 నుంచి 94 దాకనా? పన్నెండేండ్లా!" అన్నాడు తమ్ముడు. "నా పంట నాలుగు నెలలు. నాలుగు నెలలకే నిద్ర పట్టదు నాకు."

ఆ మాటకు నేనేమీ అడ్డం చెప్పలేదు. ఈ విద్యలో కాలం లెక్క వేరు. విజయన్‌గారు ఆక్స్‌ఫర్డులో డొరొతి హాడ్జ్‌కిన్ దగ్గర పనిచేసి వచ్చినవారు. ఆమె ఇన్సులిను స్ఫటికానికి మొదటి ఫొటో తీసింది 1935లో. నిర్మాణం తేలింది 1969లో. ముప్ఫైనాలుగేళ్ళు. ఆ మధ్యలో వేరే పనులకు 1964లో నోబెల్ బహుమానం కూడా వచ్చేసింది. కేంబ్రిడ్జిలో పెరుట్జ్ రక్తంలోని హీమోగ్లోబినును పట్టుకొని ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నాడు.

"ఆ హాడ్జ్‌కినమ్మకు పెండ్లయిందా వదినా?" అని అడిగింది మా మరదలు, మెల్లగా.

"అయింది. ముగ్గురు పిల్లలు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర పోయినా పని మానలేదు."

మరదలు ఇంకేమీ అనలేదు కానీ, పిల్ల తలమీద చెయ్యి వేసింది.

జమాఖర్చులు

మరునాడు పొద్దున తమ్ముడు నోటుపుస్తకం, పెన్నూ పట్టుకొచ్చాడు. పత్తివిత్తనాల లెక్క రాసే పుస్తకం అది. కూతురి చదువూ అందులోనే రాశాడు.

ఎమ్మెస్సీ రెండేళ్ళు. ఆపైన పి.హెచ్‌డి. ఐదారేళ్ళు. ఆ తరువాత ఇంకో ప్రయోగశాలలో, తరచు విదేశంలో, మూడు నాలుగేళ్ళు. ఇప్పుడు ఇరవైయొక్కటి, స్థిరమైన ఉద్యోగం కూర్చునేసరికి ముప్ఫైరెండో, ముప్ఫైమూడో. ఇది ఖర్చు వైపు.

జమ వైపు: ఏడాదికి రెండుసార్లు జరిగే నెట్ పరీక్షలో పరిశోధక వేతనానికి అర్హత పొందితే, 2023 జనవరినుంచి మొదటి రెండేళ్ళూ నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, ఇంటద్దె వేరే. అంటే పి.హెచ్‌డి.కి తండ్రి అప్పు చేయనవసరం లేదు. అయితే ఆ పరీక్ష రాసేవాళ్ళు లక్షల్లో ఉంటారు. వేతనం దొరికేది కొద్దిమందికే. పి.హెచ్‌డి. అయిన ప్రతివాడికీ ఆచార్యపదవి దొరకదనీ చెప్పాను. దొరకనివాళ్ళు ఏం చేస్తారంటే, కొందరు మందుల కంపెనీల్లో చేరతారు. రోగాన్ని కలిగించే ప్రోటీను ఆకారం తెలిస్తే, తాళానికి చెవి చేసినట్టు మందు తయారుచేయడం సులువవుతుంది గనుక ఆ కంపెనీలకు ఈ విద్య వచ్చినవాళ్ళు కావాలి. హైదరాబాదు పక్కన షామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో అటువంటివి ఉన్నాయి. మరి కొందరు కాలేజీల్లో పాఠాలు చెబుతారు. ఒకరిద్దరు మధ్యలో మానేస్తారు. అది కూడా రాయమన్నాను. తమ్ముడు రాశాడు.

"జీవశాస్త్రం చదువలేదు గద ఈ పిల్ల. తీసుకుంటరా?" అన్నాడు.

ఈ విద్యను కట్టినవాళ్ళలో సగంమంది భౌతికశాస్త్రంవాళ్ళే. బ్రాగులిద్దరూ అంతే. ప్రోటీను గొలుసు ఎటు వంగవచ్చో, ఎటు వంగరాదో 1963లో పటం గీసి, ప్రపంచంలోని ప్రతి జీవరసాయన గ్రంథంలోనూ తన పేరు నిలుపుకొన్న జి.యన్. రామచంద్రన్ అంతే. చిదంబరంలో పుట్టి, భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, మళ్ళీ విద్యార్థిగా జీవశాస్త్రం బల్లమీద కూర్చొని, రైబోజోము నిర్మాణానికి 2009లో నోబెల్ బహుమానం పంచుకొన్న వెంకట్రామన్ రామకృష్ణన్ అంతే. మన తెలుగువారిలో కృష్ణాజిల్లా సూరి భగవంతంగారు రామన్ శిష్యుడు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. స్ఫటికాల సౌష్ఠవం లెక్కల్లో ఆయనది పెద్దపేరు. ప్రోటీనుల జోలికి పోలేదు గాని, ఈ పిల్ల చదివిన లెక్కలూ, భౌతికమూ ఎంత దూరం తీసుకుపోగలవో ఆయన జీవితమే చెబుతుంది.

బెంగుళూరు శిష్యులు, హైదరాబాదు ఇళ్ళు

ఇంత చదువుకు దేశాలు పట్టిపోవాలా అనేది మరదలి బెంగ. పోనక్కరలేదని చెప్పగలిగినందుకు నాకు సంతోషం వేసింది. వేరుశనగ లెక్టిను మీద పనిచేసినవారిలో శేఖర్ మాండే ఒకరు. తరువాత హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రంలో ప్రయోగశాల నడిపారు; 2018లో సి.యస్.ఐ.ఆర్. మొత్తానికి డైరెక్టర్ జనరలయ్యారు. విజయన్‌గారి మరో శిష్యుడు రాజన్ శంకరనారాయణన్ పనసగింజ లెక్టిను నిర్మాణం తేల్చి, 1996లో ప్రకటించినవారిలో ముఖ్యుడు. తరువాత హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.కి వచ్చారు.

అక్కడ ఆయన పట్టుకొన్నది ఒక చిత్రమైన సమస్య. ప్రోటీనులు కట్టడానికి వాడే ఇటుకలు, అమైనో ఆమ్లాలు, రెండు చేతుల్లాగా ఎడమవాటం ఒకటి, కుడివాటం ఒకటి ఉంటాయి. ప్రాణి ఎడమవాటాన్నే వాడుతుంది. పొరపాటున కుడివాటం ఇటుక వస్తే? దాన్ని ఏరి పారేయడానికి కణంలో ఒక ప్రోటీను ఉంది; చేటలో చెరిగి తాలు తీసేసినట్టు. అది మంచిగింజను ముట్టకుండా తాలునే ఎట్లా తీస్తుందో, స్ఫటికాలు పెంచి, పరమాణువుల వరసలు చూపి, శంకరనారాయణన్ బృందం తేల్చింది. అందులో ఆయనకు 2011లో భట్నాగర్ బహుమానమూ, 2020లో ఇన్ఫోసిస్ బహుమానమూ వచ్చాయి. 2017 ఆగస్టులో ప్రపంచ స్ఫటికశాస్త్ర మహాసభ జరిగింది కూడా హైదరాబాదులోనే. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో బిరియానీ తిని, స్ఫటికాలు మాట్లాడుకొని వెళ్ళారు.

అయిజకు హైదరాబాదు ఒక పూట ప్రయాణం. మరదలి మొహం కాస్త తేటపడింది.

ఇంతలో పిల్లే తన మనసులోని అసలు భయం బయటపెట్టింది. "అత్తా, ఇప్పుడు కంప్యూటరే ప్రోటీను ఆకారం చెప్పేస్తున్నదంట. నేను పన్నెండేండ్లు కూసోని చేసేదానికి అది పది నిమిషాలల్ల చేస్తె ఎట్ల?"

మంచి ప్రశ్న. 2022కే ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటరు పద్ధతి ఇరవై కోట్ల ప్రోటీనులకు ఆకారాలు ఊహించి ఇచ్చింది. దాన్ని చేసినవాళ్ళకు 2024లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే అది చదువుకొన్నది ఎక్కడ? 1971లో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలై, 2023 జనవరికి రెండు లక్షలు దాటిన ప్రపంచ ప్రోటీను భాండారంలో. ఆ బొమ్మల్లో చాలా భాగం ఒక్కొక్కటీ ఎవరో ఒకరు బొట్టు వేలాడదీసి, స్ఫటికంకోసం కాచుకొని తెచ్చినవే. ఆకారం ఊహించినంత మాత్రాన మందు ఎక్కడ అంటుకొంటుందో, అంటుకొన్నాక ప్రోటీను ఎట్లా కదులుతుందో ప్రయోగం చేసి చూడవలసిందే. స్ఫటికం కాని పెద్ద అణువులను ఇప్పుడు గడ్డకట్టించి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూస్తున్నారు; ఆ పద్ధతికి 2017లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలోనే ఇందోరులో ఇండస్-2 యంత్రంనుంచి వచ్చే తీవ్రమైన ఎక్స్ కిరణాలతో ప్రోటీను స్ఫటికాలను పరీక్షించవచ్చు. పనిముట్లు మారాయి, పని మిగిలే ఉంది. అయితే ఈ రోజుల్లో ఈ దారిన పోయేవాళ్ళు బొట్టు వేలాడదీయడంతోపాటు కంప్యూటరుకు పని చెప్పడమూ నేర్వాలి. ఆ మాటా పుస్తకంలో ఎక్కింది.

గడువు

మూడోరోజు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. తమ్ముడు చేనుకు పోయి చీకటిపడ్డాక వచ్చాడు. కాయల రేటు అడిగితే చెప్పాడు గాని, చదువు మాట అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. పిల్ల అన్నం సరిగా తినలేదు.

నాలుగోరోజు పొద్దున్నే నోటుపుస్తకం మళ్ళీ తెరిచాడు. "రెండేండ్లు," అన్నాడు కూతురితో. "ఎమ్మెస్సీ నేను చదివిస్త. ఆ రెండేండ్లల్ల నెట్ పరీక్ష కొడితివా, నిన్ను ఆపెటోడు లేడు. కొట్టకపోతివా, బి.యెడ్. చేసి బడిల పాఠం చెప్పుకో; అది కూడ మంచి పనే. రాయచూరోళ్ళకు నేను ఫోన్ జేస్త. ఆగితే ఆగుతరు, లేకుంటే లేదు."

మరదలు లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకొంది. సంబంధం పోతుందన్న దిగులో, కూతురు గెలిచిందన్న సంతోషమో నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం ముగ్గురం బజారుకు వెళ్ళి, ఎరువుల కొట్టు పక్కనే ఉన్న ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నాం. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఎమ్మెస్సీకి ప్రవేశం జాతీయ స్థాయిలో జరిగే సి.యు.ఇ.టి. పరీక్షమీద. బి.యస్సీ. నుంచే నేరుగా పి.హెచ్‌డి. దాకా తీసుకుపోయే బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్ చదువుకు జామ్ పరీక్ష వేరే ఉంది. దానికి గడువు అప్పటికే దాటింది, మరుసటేడు రాయవచ్చు. మీ ఇంట్లో ఇటువంటి పిల్లలుంటే ఈ రెండు పరీక్షల తేదీలూ డిగ్రీ రెండో ఏడే కనుక్కొని ఉంచండి. మా పిల్లకు ఎవరూ చెప్పక ఒక ఏడు పోయింది.

ఫీజు కట్టేటప్పుడు సెంటరు కుర్రవాడు, "పెద్దాయనా, పాప ఏం చదువుతదట?" అని అడిగాడు.

మా తమ్ముడు ఒక్క క్షణం ఆలోచించాడు. "బుడ్డల లోపల ఏముందో చూస్తదంట," అని రశీదు మడిచి జేబులో పెట్టుకొన్నాడు.